నన్ను నమ్మకండి

లాగోస్, బస్సులాగే మోటార్ పార్కు వెనక గది
జనవరి, ఎడారి గాలి తెచ్చిన దుమ్ము ఇంకా దిగలేదు

నా తల్లి బిడ్డ ఒజియోమా అక్కకి,

ముందు నీ గొంతు సంగతి చెప్పు. డాక్టరమ్మ ఏమందో రాయకుండా మేక ఈనిందని రాశావు. మేక క్షేమంగా ఉన్నందుకు సంతోషం. గొంతు మీద గడ్డ ఎంతైంది? కొయ్యాలంటే కొయ్యనివ్వు. కత్తికి భయపడి పిన్నమ్మ ఏమైపోయిందో నీకు నేను చెప్పక్కర్లేదు.

నా సంగతి అడిగావు. మూడేళ్ళ కిందట నన్ను ఈ యజమాని, ఓగా అనయేతోగారి చేతిలో పెట్టినప్పుడు, వైద్యుడి దగ్గర కొలువు అని ఊరంతా చెప్పుకున్నావు. ఇప్పుడు విను. ఆయన చదువు నాకన్నా ఒక తరగతి తక్కువ. డాక్టర్ అని పిలవకపోతే మాత్రం పలకడు. ఆయన తెల్ల కోటుకి గంజి పెట్టేది నేను. ఆయన బస్సుల్లో అమ్మే 'ఏడు తాళాల మందు' బకెట్లో కలిపేదీ నేనే. కాల్చిన పంచదార, చేదాకు రసం, పిప్పర్‌మెంటు నీళ్ళు. ఒంట్లో మూసుకుపోయిన ఏడు తాళాలూ తెరుస్తుందట!

ఎలా అమ్ముతాడో రాస్తాను, నీ రక్తం కూడా ఉడకాలి. ఓనిచ్చా వెళ్ళే బస్సు గేటు దాటగానే లేస్తాడు. మందు ఊసెత్తడు. "ఈ రోడ్డు ఎంతమందిని మింగిందో మీకు తెలుసు. కళ్ళు మూసుకోండి" అంటాడు. డ్రైవరు చేతుల కోసం ప్రార్థన, టైర్ల కోసం ప్రార్థన, బ్రేకుల కోసం ప్రార్థన. ఒక్కొక్కదానికీ బస్సంతా "ఇసే!" అనాలి, పెద్దలు కోలా కాయ విరిచి దీవించినప్పుడు తథాస్తు అన్నట్టు. "ఔనన్న నోరు అంత తొందరగా కాదనదురా" అని నాకు పాఠం చెబుతాడు. తర్వాత తన భార్య చావు కథ. ఆమె బతికే ఉంది, నిన్న నాకు బీన్స్ పెట్టింది. తర్వాత కాలేయం బొమ్మ, దాని మీద ఎర్ర బాణాలు. ఆఖరికి, "నడుం నొప్పి ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి!" ఆ బల్లల మీద కూర్చున్నవాడికి నడుం నొప్పి లేకపోతే వాడు మనిషే కాదు. చేతులన్నీ లేస్తాయి. లేచిన చేతుల్లో సీసాలు పెట్టుకుంటూ పోవడమే నా పని.

పేవ్‌మెంటు మీద ఒక చిన్న పుస్తకం కొన్నాను, సభలో మాట్లాడి మెప్పించడం ఎలా అని. మనిషిలోకి మూడు గుమ్మాలున్నాయట. చెప్పేవాడి మీద నమ్మకం ఒకటి, గుండె ఒకటి, బుర్ర ఒకటి. మా ఓగా కోటుతో మొదటిది తడతాడు, చావు కథతో రెండోది, బొమ్మతో మూడోది. పుస్తకం చదవకుండానే! ఇది చదివాక నాకు నిద్ర పట్టలేదు. మన జనాన్ని వెర్రివాళ్ళని చేసేది ఆకలి కాదు అక్కా, నోరు. వచ్చే క్రిస్మస్‌కి నా కొలువు పూర్తవుతుంది. ఓగా పదిమంది ముందు దీవించి, పెట్టుబడి ఇచ్చి నన్ను నిలబెట్టాలి. ఆ డబ్బుతో అచ్చుయంత్రం పెడతాను. మొట్టమొదట అచ్చేసేది 'బస్సులో మందు కొనేవారికి హెచ్చరిక'.

అందాకా ఓర్చుకోవాలి. ఇంత ఊళ్ళో నా పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడు లేడు. 'బోయ్' అంటే తిరిగి చూస్తాను.

నీ తమ్ముడు,
ఉదోకా


ఉమునేకే
ఓరియే సంత మర్నాడు

ఒరేయ్ ఉదోకా,

నీ ఉత్తరం కర్రపెండలం గర్రి వేయించే పాకలో పైకి చదివాను. నువ్వు వెక్కిరిస్తూ రాశావని వాళ్ళకి ముందే చెప్పాను. అయినా ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి అందరూ గరిటెలు ఆపారు. టైర్లకి ఇసే అన్నారు. బ్రేకులకి ఇసే అన్నారు. మా పాకలో ఎవరి సైకిలుకీ బ్రేకు లేదు. నవ్వాపుకోలేక నేను ఆగితే, "చదవవేం, తర్వాతేమన్నాడు?" అని తిట్టారు.

ఉగోయే అని, నువ్వు వెళ్ళాక మన వాడలో ఉండడానికి వచ్చింది, నిన్నెరగదు. "ఒజియోమా, మీవాణ్ణి అడిగి నాకో రెండు సీసాలు తెప్పించవే" అంది.

"ఒసేయ్, అది పంచదార నీళ్ళని రాశాడే!"

"రాస్తే రాశాడు. ప్రార్థన కూడా పంచదార నీళ్ళేనా?"

దీనికి జవాబు వెతుకు. నీ పుస్తకంలో ఉంటే రాసి పంపు.

గడ్డ నిమ్మకాయంత ఉంది. మింగితే తెలుస్తోంది. ఈస్టర్ వెళ్ళాక సోమవారం కోస్తానంది డాక్టరమ్మ. వండిపెట్టడానికీ అవసరమైతే రక్తం ఇవ్వడానికీ ఒక మనిషి తోడుండాలట. "నీ మనిషి ఎవరు?" అని కాగితం మీద రాసుకోబోయింది. ఉగోయే వస్తానంది, ఆమె పేరే చెప్పాను.

కోపంతో రాయకు. కత్తికి భయమే. కానీ అంతకన్నా, ఎవరైనా నాకు మంచి మాటలు చెప్పి ఒప్పిస్తుంటే లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. యుద్ధం రోజుల్లో లారీ మీద మైకు పెట్టుకుని వచ్చారే, నువ్వు నా వీపున ఉన్నావు. వాళ్ళూ ముందు ప్రార్థనే చేశారు. "మన తల్లుల కోసం ఎవరు నిలబడతారు?" అన్నారు. నేను పట్టుకునేలోపే మీ బావ చెయ్యి లేచింది. చక్కటి మాటలే. ఇప్పటికీ గుర్తున్నాయి నాకు.

మేకపిల్లకి ఒక చెవి నల్లగా ఉంది.

మీ అక్క


లాగోస్, ఫిబ్రవరి

అక్కకి,

బావ చావుకీ డాక్టరమ్మకీ లంకె పెట్టకు! ఆ లారీవాళ్ళు ఆయన్ని చావడానికి పిలిచారు, ఈమె నిన్ను బతకడానికి పిలుస్తోంది. గడ్డ తనంతట కరగదు. పెరిగితే గాలి ఆగిపోతుంది. ఆ ఆసుపత్రిలో ఎంతోమందికి కోశారు, లేచి నడిచారు. ఇందులో ఏ ముక్క తప్పో చెప్పు. బుర్ర ఉన్నవాళ్ళకి ఇది చాలదా?

(రెండు రోజుల తర్వాత)

మొన్న ఉత్తరం మూసేలోపే మా ఓగా గొంతు పోయింది. అరిచి అరిచి, ఇప్పుడు గాలి తప్ప మాట రాదు. నిన్న పొద్దున తెల్ల కోటు నా మీదికి విసిరి, లేచి మాట్లాడమని సైగ చేశాడు. ఈ అవకాశం కోసమే నేను పుట్టాననుకున్నాను. కోటు వేసుకోలేదు. మడిచి ఆయన ఒళ్ళో పెట్టాను. ప్రార్థన లేదు, కథ లేదు. బస్సు మధ్యలో నిలబడ్డాను. కాళ్ళు వణుకుతున్నాయి.

"అయ్యలారా, అమ్మలారా! నేను డాక్టర్ని కాను, ఈయనా కాదు. ఈ సీసాలో కాల్చిన పంచదార, చేదాకు రసం, పిప్పర్‌మెంటు నీళ్ళు. నేనే ఈ చేతులతో కలిపాను. ఏ తాళమూ తెరవదు. జబ్బుంటే ఆసుపత్రికి వెళ్ళండి. నన్ను నమ్మకండి."

ఓగా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. అప్పుడు ముందు వరసలో ముసలాయన టోపీ తీశాడు. "పుట్టి బుద్ధెరిగాక బస్సులో నిజం విన్నది ఇవాళే" అన్నాడు.

"ఏ తల్లి కన్నదో! కళ్ళు చూడండి, నీళ్ళు తిరుగుతున్నాయి."

"చేదాకు అంటున్నాడు. మా అమ్మమ్మ వైద్యమే కదా అది!"

"చేత్తో కలిపాడట. మిషన్లో కాదు."

"నాకు మూడియ్యి బాబూ."

"వద్దు, కొనకండి!" అని అరిచాను.

"విన్నావా, వద్దంటున్నాడు! అమ్ముకునేవాడు వద్దంటాడా?"

అక్కా, పెట్టె ఖాళీ అయింది. ఇద్దరు సీసా కోసం కొట్లాడుకున్నారు. నాకెందుకు ఏడుపొచ్చిందో తెలీదు. నేను ఏడుస్తుంటే ఇంకా కొన్నారు. దిగాక ఓగా నన్ను కావలించుకుని, లేని గొంతుతో చెవిలో చెప్పాడు: "ఇన్నేళ్ళూ నేను కోటు వేసుకుని చేసింది నువ్వు వేసుకోకుండానే చేశావురా."

పుస్తకంలో దీని గురించి ఎక్కడుందో వెతుకుతున్నాను.

ఉదోకా


ఉమునేకే
మట్టల ఆదివారానికి ముందు

తమ్ముడూ,

ఈ ఉత్తరం పాకలో చదవలేదు. దాచుకున్నాను. నవ్వాను కూడా, నీకు కోపమొస్తుందని తెలిసే. కానీ ఒకటి అడుగుతాను. మర్నాడు మళ్ళీ బస్సెక్కినప్పుడు ఎవరు మాట్లాడారు?

ఇక్కడ సంగతి. లాగోస్‌లో ఉగోయే కూతురు ప్రసవించింది. ఆడపిల్ల. మొదటి కాన్పుకి తల్లి వెళ్ళి వేడినీళ్ళు పొయ్యాలి, మిరియాల చారు కాయాలి, ఉగోయే ఎలా ఆగుతుంది? నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వెళ్ళి రావే అన్నాను. సోమవారానికి ఇంకెవరైనా దొరుకుతారులే. పాకలో అందరికీ పిల్లలున్నారు, పొలాలున్నాయి. పాదిరిగారి వంటమనిషిని అడిగి చూస్తాను.

నిన్ను రమ్మనడం లేదు. క్రిస్మస్‌కి నీ కొలువు పూర్తవుతుంది. ఇప్పుడు సెలవడిగితే ఓగా దాన్నే సాకు చేసుకుని నిన్ను ఉత్త చేతులతో పంపుతాడు. అలా వచ్చినవాళ్ళని చూశాం కదా.

సాయంత్రాలు మేకతో మాట్లాడుతున్నాను. అది అన్నిటికీ ఇసే అంటోంది.

మీ అక్క


లాగోస్, ఈస్టర్ వారం

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఓగా గొంతు బాగయింది. నేను మళ్ళీ పెట్టెలు మోస్తున్నాను, అంతే. పని ఎక్కువగా ఉంది, అందుకే చిన్న ఉత్తరం. డ్రైవరుతో రెండు గజాల గుడ్డ పంపుతున్నాను, ఆసుపత్రిలో కప్పుకోవడానికి. ధైర్యంగా ఉండు. వంటమనిషి మంచిదేనని విన్నాను. నేను రావాలనే ఉంది, నీకు తెలుసు కదా.

కోసినట్టు కబురు చెయ్యి.

ఉదోకా


ఉమునేకే
జులై, వానలు

నా తల్లి బిడ్డకి,

ఇన్నాళ్ళూ రాయనందుకు తిట్టుకుని ఉంటావు. కొయ్యలేదు. నేను వెళ్ళలేదు.

సోమవారం పొద్దున బయలుదేరాను, అబద్ధం కాదు. నీ గుడ్డ సంచిలో పెట్టుకున్నాను. వంటమనిషికి పాదిరిగారి అతిథులొచ్చారు. ఒక్కదాన్నే వెళ్ళి గేటు ముందు నిలబడ్డాను. ప్రతి మంచానికీ ఒక మనిషి గిన్నెతో, స్టవ్వుతో లోపలికి వెళ్తున్నారు. "నీ మనిషి ఎవరు?" అని మళ్ళీ అడిగితే ఏ పేరు చెప్పను? అక్కడే కాసేపు నిలబడి, వేరుశనక్కాయలు కొనుక్కుని ఇంటికొచ్చేశాను.

ఇప్పుడు ఉగోయే సంగతి. లాగోస్ నుంచి మొన్న దిగింది. సంచి నిండా ఏడు తాళాల సీసాలు.

"మీ తమ్ముడి ఓగా మందే. కానీ అమ్మింది మీవాడు కాదులే. మీవాడు కోపిష్ఠి అంటావుగా? ఈ పిల్లాడు పాదిరి కావలసినవాడు. ఎంత మెత్తగా చెప్పాడే! 'నేను డాక్టర్ని కాను, అమ్మలారా' అని, అక్కడ ఆగాడు. ఎడమ చెవి రుద్దుకున్నాడు. 'నన్ను నమ్మకండి' అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. నేను ఏడ్చేశాను" అంది.

పాకలో అందరి ముందూ నువ్వు నిలబడ్డట్టే నిలబడి, నీ మాటలన్నీ చెప్పింది. గొంతు కూడా నీలాగే పెట్టింది. చివర కొంచెం బొంగురు. నేను ఉడికిస్తే పారిపోయి మామిడి చెట్టెక్కి అరిచేవాడివే, ఆ బొంగురు. మళ్ళీ చెప్పవే అన్నాను. చెప్పింది. ఇంకోసారి చెప్పవే అన్నాను. మూడేళ్ళు దాటింది నీ గొంతు విని.

నాకు రెండు సీసాలిచ్చింది. తాగాను.

అది ఏమిటో నాకు తెలుసు. నువ్వే రాశావు. కానీ మూత తీస్తే ఉగోయే చెప్పిన మాటలు వినిపిస్తాయి. పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా. గడ్డ మెత్తబడినట్టే ఉంది. ఉగోయే కూడా చూసి ఔనంది. అందుకని ఆసుపత్రి మాట ఇప్పుడొద్దులే.

పెట్టెలు మోస్తున్నానని ఎందుకు రాశావురా? నాకు కోపం లేదు. ఊరికే అడుగుతున్నాను.

మీ అక్క


లాగోస్, జులై

అక్కా,

ఆ సీసాలు పారబోయి. ఈ ముక్క చదివిన వెంటనే లేచి పారబోయి. తర్వాత మిగతాది చదువు.

పెట్టెలు మోయడం లేదు. ఆ రోజు మర్నాడు మాట్లాడింది నేనే. ఓగా గొంతు వచ్చాక కూడా నేనే. మొదటిరోజు కాళ్ళు నిజంగా వణికాయి. తర్వాత, వణికితే బాగుంటుందని తెలిసింది. 'డాక్టర్ని కాను' దగ్గర ఎంతసేపు ఆగాలో తెలిసింది. చెవి రుద్దుకుంటానని నాకు తెలీదు, అదొక్కటే నేను నేర్చుకోనిది అనుకుంటాను. చెప్పేది అక్షరం అక్షరం నిజం, అమ్మేది నీళ్ళు. ఎవరైనా తప్పు పట్టుకుంటారేమోనని ఎదురుచూశాను. అందరూ దీవించారు. ఈ ఊళ్ళో నాతో ఎవరూ అంత ప్రేమగా మాట్లాడలేదు అక్కా. దిగేటప్పుడు నా పేరడిగేవారు. చెప్పేవాణ్ణి. "ఉదోకా, నీ తల్లి ధన్యురాలు" అనేవారు. దానికోసం కూడా చేశాను.

నిన్ను ఒప్పించడానికి ఈ ఉత్తరం ఎన్నిసార్లు మొదలుపెట్టానో! కారణాలు రాశాను, చించాను. భయపెట్టి రాశాను, చించాను. చచ్చిపోయిన అమ్మని తీసుకొచ్చి రాశాను. సిగ్గేసింది. ఏ వాక్యం చూసినా అది ఎక్కడ ఆగి చెప్పాలో నా నాలుకకి ముందే తెలిసిపోతోంది.

ఓగాకి చెప్పాను, అక్క జబ్బు, వెళ్ళాలి అని. "వెళ్ళు. రెండు మాటలు చెప్పి ఒప్పించి తిరుగు బస్సుకి వచ్చెయ్. నీకెంతసేపు పని?" అన్నాడు.

"మాటలతో అయ్యే పని కాదు ఓగా. అక్కడ ఉండాలి."

"ఎన్నాళ్ళు?"

"తెలీదు."

"అయితే నిన్ను నిలబెట్టేది లేదు. క్రిస్మస్‌కి నా గుమ్మం తొక్కకు."

సరే అన్నాను. నేను బేరమాడతాననుకున్నట్టున్నాడు. ఆఖరికి ఆయన భార్య ఉడకబెట్టిన గుడ్లు మూటకట్టి ఇచ్చింది.

శనివారం బయలుదేరుతున్నాను. ఈ ఉత్తరం నాకన్నా ముందు వస్తుందో వెనక వస్తుందో. కాగితం మీద నీ మనిషి ఎవరంటే నా పేరు రాయించు. స్టవ్వు కొన్నాను.

ఉదోకా


మిషన్ ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు
నర్సు చేతికిచ్చి పంపుతున్నాను

ఒరేయ్,

కుట్లు ఆరేదాకా మాట్లాడొద్దన్నారు. ఆ గేటు కాపలావాడితో నువ్వు వాదిస్తున్నది ఇక్కడికి వినిపిస్తోంది. మగవాళ్ళని లోపలికి రానివ్వకపోవడం ఏ దేశపు న్యాయం అంటున్నావు. మానెయ్. ఆ బల్ల మీద కూర్చో. నువ్వు వండిన చారులో ఉప్పు లేదు.

దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదేం? లారీలో నీ మోకాలు నా మోకాలికి కొట్టుకుంటూ ఉంది, అంతే. ఇప్పుడు కాదు ఇప్పుడు మొదలుపెడతాడు, గేటు దగ్గర మొదలుపెడతాడు అనుకున్నాను. జవాబులన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. నువ్వేమో స్టవ్వు పుచ్చుకుని ముందు నడిచావు.

డాక్టరమ్మ నీతో ఏం చెప్పింది? దాచకుండా రాయి.

అక్క


గేటు పక్క బల్ల

అక్కా,

దాచను. ఆలస్యమైందంది. గడ్డ మాటనరానికి చుట్టుకుపోయిందట. గొంతు తిరిగొచ్చినా పూర్వంలా ఉండకపోవచ్చు. ముక్క కోసి పరీక్షకి ఎనుగు పట్నానికి పంపారు, అది ఎటువంటి గడ్డో తేలడానికి. తేలేదాకా ఆమెకీ తెలీదు. ఇంకేమైనా చెప్పిందేమోనని వెతుక్కుంటున్నావేమో. ఇంతే.

ఉప్పు సాయంత్రం వేస్తాను.

ఉదోకా


వార్డు

చదివాను. నాలుగుసార్లు చదివాను. గోడవైపు తిరిగి పడుకున్నాను కాసేపు. ఇప్పుడు ఫరవాలేదు.

పక్క మంచం మీద అదాకు అని ఒక అమ్మాయి ఉంది. రేపు ఆమె వంతు. కడుపులో కంతి. తోడు వస్తానన్న అత్త రాలేదు. పొద్దుటినుంచి సంచి సర్దుతోంది, విప్పుతోంది, మళ్ళీ సర్దుతోంది. నర్సులు చెప్పారు, డాక్టరమ్మ చెప్పింది, వినడం లేదు. నాకేమో నోరు లేదు. కిటికీ దగ్గరికి రా. నీకు చేతనవును కదా, ఆమెకి నాలుగు మాటలు చెప్పు.


బల్ల

నా వల్ల కాదు అక్కా. నాకు చేతనవును, అందుకే భయం. చెబితే ఆమె నమ్ముతుంది. రేపు ఆమెకి ఏమవుతుందో నాకు తెలీదు, నీకు ఏమవుతుందో కూడా తెలీదు. తెలీదని చెప్పినా నేను చెబితే నమ్మేస్తుంది. ఇంకెవరినైనా అడుగు.


వార్డు

అయితే ఏమీ చెప్పకు.

సంచి కట్టేసింది, చెప్పులు తొడుక్కుంటోంది. గేటుకి పోవాలంటే నీ బల్ల పక్కనుంచే పోవాలి. స్టవ్వు కింద పెట్టి, కొంచెం జరిగి ఆమె కూర్చోడానికి చోటివ్వు.